పదమూడు మందే వొచ్చారు

కొత్తపట్నం నుంచి వొచ్చిన టాటా ఏస్
గేటు దగ్గర ఆగింది.
దిగేవాళ్ళని లెక్కపెట్టాం. పదమూడు.
మిగతా ఇద్దరూ యాడరా అంటే
పడవ ఇంకా ఒడ్డెక్కలేదన్నారు,
సముద్రానికి ఆదివారం తెలీదు గదన్నా అన్నారు.

పదిహేను లేకపోతే ఆట లేదు.
ఆట లేకపోతే పాయింట్లు మావి.
పాయింట్లు మావైతే
రగ్బీ మూడో అంచె పట్టీలో
నాలుగేళ్ళుగా అట్టడుగున కూచున్న చీమకుర్తి
ఒక్క గడి పైకి జరుగుద్ది.
ఇన్నాళ్ళూ మేం అంతకంటే కిందికి పోలా.
పోవడానికి ఇంకో మెట్టు లేదు కాబట్టి.

మా నేల సంగతి చెప్పాల.
క్వారీ వెనక, వేస్టు రాళ్ళ గుట్ట పక్కన,
మేకల్ని అదిలించి ఆడే నేల.
గీతలకి సున్నం ఎప్పుడూ కొనలా,
పాలిషింగ్ మిషన్ కింద పేరుకున్న రాతిపిండే.
గోలు కర్రలు సరుగుడువి,
ఎడమది కొద్దిగా టంగుటూరు వైపు వాలి ఉంటది.
బంతేమో దోసకాయ.
కింద పడితే ఎటు ఎగురుద్దో దానికే తెలీదు,
మేస్త్రీ ఇస్తానన్న బోనస్ మాదిరి.

డ్రిల్లు మేడం సువార్తమ్మ
మొదటి రోజు చెప్పింది ఒకటే:
"పరిగెత్తేది ముందుకి. అందించేది వెనక్కి.
మిగతాదంతా బురద."
అది తలకెక్కడానికి మాకు ఒక ఎండాకాలం పట్టింది.
బతుకంతా ముందున్నోడి చేతికి రాయి అందించినోళ్ళం మరి.

క్రేన్ తోలే మాలకొండయ్య మా కెప్టెన్.
తలకాయల మధ్య నలిగి నలిగి
వడియంలా ముడుచుకున్న చెవిని
కాసేపు గోక్కున్నాడు.
"జిలానీ, పెంచలా, చొక్కాలు తిరగేసుకోండి."

"ఏందన్నా, మన మీద మనమేనా?"

"పద్దెనిమిది వందలు బాడుగ పోసి వొచ్చారు.
ఊరికే పంపిద్దామా?"

ఇక ఎవరూ మాట్లాడలా.
ఇస్సాకు మాత్రం మేకల్ని రెండోసారి తోలాడు,
వాటి తప్పేమీ లేకపోయినా.

నేను ముందు వరసలో కుడి పక్క.
నలభై మూడేళ్ళు.
రొమ్ములో సగం గది రాతిపిండికి అద్దెకిచ్చినోణ్ణి.
భుజాలు కలిపి వొంగినప్పుడు
ఎదుటోడి మెడ దగ్గర ఉప్పువాసన.
వల లాగే చేతులు, ఊరికే వొదల్తాయా.
నెట్టాం. నెట్టారు.
మధ్యలో దోసకాయ ఎవరికీ దొరక్కుండా
కోడిపిల్లలా కాళ్ళ సందున తిరిగింది.

పన్నెండు పది. మేమే పైన.
రిఫరీ, ఆయన పొగాకు బోర్డులో గుమాస్తా,
గడియారం చూసుకుంటున్నాడు.
అప్పుడు పడింది బంతి జిలానీ చేతుల్లో.

గీతకీ వాడికీ మధ్య నేనొక్కణ్ణే.
నడుం కింద పట్టుకో, చెంప తొడకి ఆనించు,
కళ్ళు మూసుకోవాకు అని
వాడికి నేర్పింది నేను.
పట్టుకున్నా. చెంప ఆనించా.
కళ్ళు మూసుకున్నానేమో.
తిరగేసిన చొక్కా కుట్టుదారం ఒకటి
నా గోటికి మిగిలింది.

రాతిపిండి గీత అవతల బంతి ఆనించి
వాడు లేచి నిలబడ్డాడు,
కుండ పగలగొట్టిన పిల్లోడి మాదిరి
మా వైపే చూస్తా.
పదిహేను పన్నెండు.

ఎవుడూ అరవలా. వాళ్ళు కూడా.
మాలకొండయ్య చెయ్యి వాడి నెత్తిన పెట్టి
"దౌడు బాగుందిరా" అన్నాడు.
ఆ మాట చాల్లేదేమో, జిలానీ
చొక్కా సరిగ్గా తొడుక్కునేదాకా
నా ముఖం చూళ్ళేదు.

ఐసుపెట్టెలో కానాగంతలు తెచ్చారు వాళ్ళు.
మూడు వేస్టు రాళ్ళ మీద పులుసు.
ఎవరు ఏ ఊరో తెలీకుండా కూచున్నాం,
రిఫరీకి ముల్లు గుచ్చుకుంటే
ఇరవైమంది సలహా చెప్పారు.
సువార్తమ్మ కంపెనీ వొద్దన్న నల్ల పలక మీద
సుద్దతో పట్టీ రాసింది.
మా పేరు ఎప్పటి చోటే. చెరపడం కూడా దండగే.

చీకటి పడ్డాక బండి పోయింది.
పళ్ళేలు కడిగాం, కర్రలు పీకాం,
అప్పుడు అడిగాడు పెంచలయ్య,
"బంతేదిరా?"

బండిలోనే పోయింది.
ఉన్నది అదొక్కటే.